ఏడో వాక్యం తర్వాత

ఫారం పద్నాలుగు పేజీలు.
తొమ్మిదో పేజీలో అడిగారు:
మీ పరిశోధన ప్రభావమెంత?
అంకెల్లో రాయవలెను. ఆధారాలు జతచేయవలెను.

ఏడు, అని రాశాను.
పదకొండేళ్ల కిందటి నా పేపరుని
ఇంతవరకు ఉదహరించినవి ఏడు.
అందులో రెండు నావే.
ఒకాయన నేను తప్పని చెప్పడానికి ఉదహరించాడు.
ఇంకొకాయన ఇంటిపేరు తిరగేశాడు,
బరాటం వారమ్మాయి చేసిన పనికి
బటారం అనే ఎవరో పుణ్యం కట్టుకున్నారు.

పనంటే పెద్ద పనేం కాదు.
చోడి విత్తనాన్ని ఉప్పునీళ్లలో పోసి
తేలినవి తీసేసి, మునిగినవి కడిగి,
ఆరబెట్టి చల్లితే
అగ్గితెగులు సగానికి తగ్గుతుంది.
నీళ్లలో ఉప్పెంత?
కోడిగుడ్డు వేసి చూడడమే.
మునిగిందా, చాలదు.
రూపాయి బిళ్లంత నెత్తి బయటపెట్టి తేలాలి.
ఇంగ్లీషులో రాస్తే ఇదే
ఆరు పేజీలు, మూడు పట్టికలు.
గుడ్డు పోయి సాపేక్ష సాంద్రత వచ్చింది.

గుణుపురంలో మా ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా.
కొండ మీద చేనుకి సవర తప్ప రాదు.
కరపత్రం వెయ్యమని పైనుంచి ఉత్తరువొస్తే
బెహరా బాబు ఒక్క రాత్రిలో ఒడియా చేశాడు.
పర్లాకిమిడిలో రెండు వేలు అచ్చేశారు.
ఏడో వాక్యంతో పేజీ నిండింది.
మునిగిన గింజని మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి
అన్న ఎనిమిదోది
అంచు దాటి కత్తెర పాలైంది.

ఇదంతా నాకు తెలిసింది మూడేళ్ల తర్వాత, సంతలో.
జమంతి గొమాంగో అడ్డతో చోళ్లు కొలుస్తోంది,
గోపురంలా పోస్తూ, పైన అరచేత్తో తుడవకుండా.
"మేం కడుగుతాం అమ్మా. కాగితం చూసి కాదు,
సీతంపేటలో మందుల కొట్టు కుర్రాడు చెప్పేడు."
వాడికెవరు చెప్పారు?
"వాడి మేనమామట."
ఆ మేనమామకి?
కొలత ఆపి నన్ను చూసింది,
సంతలో ఎవరి పిల్లాడినో పట్టుకుని
వీడి తండ్రెవరని ఆరా తీస్తున్నదాన్ని చూసినట్టు.

"మా ఊరు బాగానే ఉంది.
కాగితం నమ్మినోడు సొంబరో ఒక్కడే."

పద్మపురం దాటి, వాగు దాటి, కొండవాలు.
సొంబరో, ఇంటిపేరు రైతా.
ఐదో తరగతి చదివాడు, అదే కొంప ముంచింది.
అచ్చులో ఉన్నది అచ్చంగా చేశాడు.
ఉప్పంటిన విత్తనం చల్లాడు.
ఆ వారం వాన మొహం చాటేసింది.
ఎకరం చేనులో మొలిచినవి వేళ్ల మీద లెక్క.
ఆ ఏడు పెళ్లాం పిల్లలతో
ఇటుకబట్టీకి పోయాడు.

తిట్టలేదు.
చూరులోంచి కరపత్రం తీశాడు,
మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలుగా ఉంది.
చివరి వాక్యం కింద వేలు పెట్టి
"దీని తర్వాత ఏముంది?" అన్నాడు.
ఏదో ఉండే ఉంటుందని
మూడేళ్లుగా అతని అనుమానం.
చెప్పాను.
"రెండుసార్లా?"
రెండుసార్లు.
"అక్కడ రాసిపెట్టు."
అంచులో జాగా లేదు.
చీమ తలకాయలంత అక్షరాలు రాశాను.

రాత్రి మళ్లీ తొమ్మిదో పేజీ తెరిచాను.
ఏడు కొట్టేసి, మైనస్ ఒకటి అని కొట్టాను.
సున్నా గాని అంతకు మించి గాని ఉండవలెను
అని ఎర్రక్షరాలొచ్చాయి.
జమంతి ఊళ్లో నూటముప్పై గడపలున్నాయి,
వాటికి రసీదు లేదు.
ఏడే ఉంచాను.

ఆఫీసు బీరువాలో మిగిలిన కట్టలోంచి
ఒక కరపత్రం లాగి, అడుగున ఆ లైను రాసి,
ఆధారం నంబరు ఎనిమిది, అని పిన్ను కొట్టాను.

బెహరా బాబు పిన్ను ఊడదీశాడు.
ఇది చెల్లదు మేడమ్, అని కాగితం వెనక్కి ఇవ్వబోయి,
కళ్లజోడు సర్దుకుని,
అడుగున చూశాడు.
రెండుసార్లు చదివాడు.